ప్రయోగశాలలో కౌలు సేద్యం

పెళ్లికో పేరంటానికో వెళ్లిన ప్రతి పీహెచ్‌డీ స్కాలర్‌కూ ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఇంకా చదువుతూనే ఉన్నావా అమ్మా?" అడిగే పెద్దమ్మకు వెటకారమేమీ లేదు. ఆమె ఎరిగిన చదువుకి పరీక్ష ఉంటుంది, పరీక్షకి తేదీ ఉంటుంది, కొన్నాళ్లకి పేపర్లో నంబరు పడుతుంది. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చినా ఎప్పుడు అయిపోతుందో చెప్పలేని చదువేమిటో ఆమెకు అంతుపట్టదు. "వచ్చే ఏడాదికి అయిపోతుంది పెద్దమ్మా" అంటూ ఆ అమ్మాయి విస్తరి వైపు చూపు తిప్పుకుంటుంది. నిరుడు ఇంకో పెళ్లిలోనూ ఆమె చెప్పింది ఆ మాటే.

ఈ ప్రశ్న వెనకాలే ఇంకొకటి వస్తుంది. ఏసీ గది, నీడపట్టున పని, ఇష్టపడి ఎంచుకున్న సబ్జెక్టు, నెలకింత అని ఫెలోషిప్. ఎండలో కూలికి పోయేవాళ్లకే లేని దిగులు వీళ్లకి ఎందుకు? పరిశోధన చేసేవాళ్లకి నిద్ర పట్టడం లేదంటే, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నారంటే చాలామంది నమ్మలేరు.

అడగాల్సిన ప్రశ్నే. ఎలుకల్నీ నక్షత్రాల్నీ లెక్కపెట్టే శాస్త్రలోకం గత పది పదిహేనేళ్లలో తనను తాను లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది కూడా అందుకే.

జ్వరం ఎంతమందికి?

2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో ఒక సర్వే అచ్చయింది. 26 దేశాల్లోని 2,279 మంది పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు అందులో జవాబులిచ్చారు. వారిలో 39 శాతం మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన కుంగుబాటు, 41 శాతం మందికి అదే స్థాయిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. పోల్చి చూసుకోవడానికి తీసుకున్న సాధారణ జనంలో ఈ రెండూ 6 శాతమే. ఆరు రెట్లకు పైగా తేడా అన్న మాట ప్రపంచమంతా పాకింది.

జాగ్రత్తపరులు వెంటనే ఓ అనుమానం లేవదీశారు. ఊళ్లో ఎంతమందికి జ్వరముందో తెలుసుకోవాలంటే ఆర్‌ఎంపీ డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చున్నవాళ్లని లెక్కపెడితే సరిపోతుందా? ఆన్‌లైన్‌లో పంపిన ప్రశ్నావళిని ఓపికగా నింపేది, ఆ బాధ ఉన్నవాళ్లే కావచ్చు. పైగా ప్రశ్నావళిలో వచ్చిన మార్కులు వేరు, డాక్టరు చూసి చెప్పే జబ్బు వేరు.

అంతకు ఏడాది ముందు బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో జరిగిన అధ్యయనం కొంత మెరుగైన తూకం వాడింది. 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థుల్ని, బాగా చదువుకుని వేరే కొలువుల్లో ఉన్నవాళ్లతో పోల్చింది. విద్యార్థుల్లో 32 శాతం మంది మానసిక సమస్య, ముఖ్యంగా కుంగుబాటు, వచ్చే ముప్పున్న కోవలో తేలారు. పోల్చిన గుంపుల కంటే ఇది బాగా ఎక్కువ.

స్వీడన్ పరిశోధకులైతే అడగడమే మానేసి మందుల చీటీలు చూశారు. ఆ దేశంలో ఎవరికి ఏ మందు రాశారన్నది ప్రభుత్వ రికార్డుల్లో ఉంటుంది. అందుకని దేశంలోని పీహెచ్‌డీ విద్యార్థులందరి లెక్కా ఒక్కచోట దొరికింది. 2024లో బయటపెట్టిన ఆ ఫలితాల ప్రకారం, చేరకముందు వాళ్లు తోటి పట్టభద్రుల్లాగే ఉన్నారు. చేరాక ఏటేటా మానసిక సమస్యల మందుల వాడకం పెరిగింది. అయిదో ఏడు వచ్చేసరికి, చేరకముందు ఉన్నదానికంటే 40 శాతం ఎక్కువైంది. చదువు ముగిశాక మళ్లీ తగ్గింది. సున్నిత మనస్కులే పరిశోధనలోకి వస్తారు కాబోలు అన్న వాదనకి ఇది గట్టి జవాబు. ఆ దారిలోనే ఏదో ఉంది.

విచిత్రమేమిటంటే, ఆ దారిని తిట్టుకునేవాళ్లు తక్కువ. 2019లో నేచర్ పత్రిక 6,300 మందికి పైగా పీహెచ్‌డీ విద్యార్థుల్ని అడిగితే, చదువు వల్ల వచ్చిన ఆందోళనకో కుంగుబాటుకో సాయం కోరామని 36 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో నాలుగింట మూడొంతుల మంది పీహెచ్‌డీలో చేరినందుకు సంతృప్తిగానే ఉన్నామన్నారు. ఇష్టం, దిగులు ఒకే కంచంలో వడ్డించి ఉన్నాయి.

మూడు వారాలు, ఒక పసుపు రంగు

ఆ దారి దగ్గరి నుంచి ఎలా ఉంటుందో చూడాలంటే ఏ జీవశాస్త్ర ప్రయోగశాలకైనా ఉదయం తొమ్మిదింటికి వెళ్లాలి.

స్కాలర్ ఇంక్యుబేటర్ తలుపు తీస్తుంది. లోపల 37 డిగ్రీల వెచ్చదనం, గాలిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్, అడుగున తేమ కోసం నీళ్ల ట్రే. ప్లాస్టిక్ ఫ్లాస్కుల్లో గులాబీ రంగు ద్రవం, దాని అడుగున కంటికి కనిపించని జీవకణాలు. మూడు వారాలుగా రెండ్రోజులకోసారి ఆ ద్రవం మారుస్తూ, ఆదివారం కూడా వచ్చి చూసుకుంటూ పెంచింది. ఈ రోజు ద్రవం పసుపుపచ్చగా మారి మబ్బు పట్టినట్టుంది. బ్యాక్టీరియా చేరింది. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు. బ్లీచింగ్ కలిపి పారబోసి, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి.

తడి గరిటె తగిలి ఆవకాయ జాడీకి బూజు పట్టినట్టే ఇది. కాకపోతే ఆవకాయ విషయంలో ఎవరు తడి గరిటె పెట్టారో ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడ తప్పు తన చేతి తొడుగుదా, సీరం సీసాదా, నీళ్ల ట్రేదా అన్నది తేలదు. ఒకవేళ కణాలు చక్కగా పెరిగినా, తర్వాత వేసే ప్రయోగం జవాబిస్తుందన్న హామీ లేదు. ఆమె ప్రకృతిని అడుగుతున్న ప్రశ్నకి జవాబుందో లేదో లోకంలో ఎవరికీ తెలియదు. తెలిస్తే దాన్ని పరిశోధన అనరు.

"రిజల్ట్ రాలేదు" అన్నది ప్రయోగశాలల్లో రోజూ వినిపించే మాట. వచ్చినా, దాన్ని పేపర్‌గా రాసి పత్రికకు పంపితే నెలల తరబడి కబురుండదు. చివరికి పేరు తెలియని రివ్యూవర్ ఒకరు ఇంకో నాలుగు ప్రయోగాలు చెయ్యమంటారు, లేదా తిప్పి పంపుతారు. వంట చేసినవాళ్లకి ఆ పూటే తెలుస్తుంది ఉప్పు ఎక్కువైందో లేదో. ఇక్కడ ఉప్పు సంగతి ఏడాదిన్నర తర్వాత తెలుస్తుంది.

పాము ఏ రాయి కింద?

తెలియకపోవడానికీ మనసుకీ ఉన్న సంబంధం మీద 2016లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ శాస్త్రవేత్తలు ఒక చక్కని ప్రయోగం చేశారు. 45 మందిని కంప్యూటర్ ఆటకి కూర్చోబెట్టారు. తెర మీద రాళ్లు కనిపిస్తాయి. రాయి కింద పాము ఉందో లేదో ఊహించి చెప్పాలి. పాము ఉంటే చేతికి చురుక్కుమనే కరెంటు షాక్ తగులుతుంది. పాము ఉండే అవకాశాలు మధ్యమధ్యలో మారిపోతుంటాయి. ఆడుతున్నంతసేపూ వాళ్ల కనుపాపల వెడల్పు, చర్మం మీద చెమట కొలిచారు.

షాక్ తప్పదని తెలిసినప్పుడు ఒత్తిడి ఎక్కువుంటుందని ఎవరైనా అనుకుంటారు. కొలతలు వేరేగా చెప్పాయి. షాక్ ఖాయమన్నప్పటి కంటే, తగిలే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడే ఒత్తిడి తారస్థాయికి చేరింది. వాన లేదని తేలిపోతే రైతు ఇంకో పని చూసుకుంటాడు. మబ్బు పట్టి కురవని ఆకాశం కింద, విత్తనం బస్తా ముందు పెట్టుకుని కూర్చున్నవాడిదే అసలు యాతన. అదే ప్రయోగంలో మరో సంగతీ బయటపడింది. అనిశ్చితికి తగ్గట్టు ఒత్తిడి పెరిగి తగ్గినవాళ్లు పాముల్ని బాగా పసిగట్టారు. అంటే ఒత్తిడి దానంతటది శత్రువేమీ కాదు, ఏదైనా నేర్చుకునేటప్పుడు పనికొచ్చే సాధనమే.

మరి అది ఎప్పుడు హాని చేస్తుంది? దీనికి జవాబు 1970 ప్రాంతంలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జే వైస్ చేసిన ఎలుకల ప్రయోగాల్లో ఉంది. ఆయన రెండు ఎలుకల తోకలకి ఒకే తీగతో షాక్ ఇచ్చాడు. రెండింటికీ ఒకే దెబ్బ, ఒకే క్షణంలో. మొదటి ఎలుక చక్రం తిప్పితే షాక్ ఆగుతుంది. రెండోదాని ముందు కూడా చక్రం ఉంది కానీ తిప్పినా ఫలితం లేదు, మొదటిది ఆపినప్పుడే దానికీ ఆగుతుంది. దెబ్బలు సమానమే అయినా, ఫలితం లేని చక్రం తిప్పిన ఎలుక కడుపులో పుండ్లు చాలా ఎక్కువగా తేలాయి. వైస్ ఇంకో మెట్టు ముందుకెళ్లి చెప్పాడు: జంతువు ఎన్నిసార్లు ప్రయత్నిస్తే అంత హాని, ఆ ప్రయత్నం పనిచేసిందన్న కబురు ఎంత స్పష్టంగా అందితే అంత రక్ష. ప్రయత్నాలు ఎక్కువ, కబురు తక్కువ అయినచోటే ప్రమాదం. ప్రయోగశాల బెంచి దగ్గర మూడో ఏడులో ఉన్న స్కాలర్‌కి ఈ వాక్యం వివరించనక్కర్లేదు.

ఒంట్లో జరిగేది ఇన్వర్టర్ లాంటి కథ. ప్రమాదం కనిపించగానే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ అనే హార్మోన్‌ని విడుదల చేస్తాయి. నిల్వ ఉన్న చక్కెర రక్తంలోకి వస్తుంది, చూపు చురుకవుతుంది, ఆకలి, నిద్ర కాసేపు పక్కకి జరుగుతాయి. కరెంటు పోయిన అరగంటకి ఇన్వర్టర్ దేవుడిలా ఆదుకుంటుంది. దాని మీదే నెలల తరబడి ఇల్లంతా నడిపితే బ్యాటరీ చస్తుంది. కార్టిసోల్ కూడా ఎడతెగకుండా పనిచేస్తే నిద్ర చెడుతుంది, జ్ఞాపకం మొద్దుబారుతుంది, చిరాకు ఇంట్లో మనిషిలా తిష్ఠ వేస్తుంది.

ఉద్యోగాల సంగతికొస్తే అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కారాసెక్ 1979లో ఇదే మాటని మరోలా చెప్పాడు. పని బరువు ఒక్కటే మనిషిని కుంగదీయదు. బరువు ఎక్కువ, పగ్గం చేతిలో లేదు అన్నచోటే మనిషి నలుగుతాడు. అలా చాలాకాలం నలిగితే వచ్చేదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్ పేరుతో తన ఆరోగ్య సమస్యల జాబితాలో వివరించింది. తెలుగులో దాన్ని ఒత్తికాలుడు అనుకోవచ్చు. నూనె ఉన్నంతసేపు ప్రమిదలో మండేది నూనె, అయిపోయాక ఒత్తే కాలుతుంది. ఒంట్లో సత్తువ ఉడగడం, పని మీద మనసు విరగడం, తన వల్ల ఏమీ కాదనిపించడం దాని మూడు గుర్తులు. ఆ సంస్థ దీన్ని జబ్బు అనలేదు, పనిచేసే చోట పుట్టే పరిస్థితి అంది. జబ్బంటే మనిషికి మందు వెయ్యాలి, పరిస్థితి అంటే పనిచోటుని కూడా చూడాలి.

కౌలు కాగితం

కౌలు రైతు బతుకేమిటో తెలుగు నేల మీద ఎవరికీ చెప్పక్కర్లేదు. విత్తనం తనది, ఎరువు తనది, చెమట తనది. పాసు పుస్తకంలో పేరు మాత్రం ఇంకొకరిది. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో ఉగాది దాకా తేలదు.

పరిశోధన సిబ్బందిలో పెద్ద భాగం ఇలాంటి కౌలుదార్లే. ప్రాజెక్ట్ అసోసియేట్, జూనియర్ రీసెర్చ్ ఫెలో, రీసెర్చ్ అసోసియేట్, పోస్ట్‌డాక్ అంటూ పేర్లు వేరు కానీ నియామక పత్రంలో వాక్యం ఒకటే: ఈ కొలువు పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతో పాటే ముగుస్తుంది. గ్రాంటు తెచ్చిన ప్రొఫెసరుకి చేను ఉంటుంది. అందులో పంట తీసినవాళ్లు మార్చి నెల వచ్చేసరికి "ఎక్స్‌టెన్షన్ వచ్చిందా?" అని ఒకరినొకరు అడుగుతుంటారు.

మన దేశంలో 2023 జూన్‌లో జూనియర్ ఫెలోషిప్‌ని నెలకి 31,000 నుంచి 37,000 రూపాయలకి, సీనియర్ ఫెలోషిప్‌ని 35,000 నుంచి 42,000కి పెంచారు. రీసెర్చ్ అసోసియేట్లకి 58,000 నుంచి 67,000 దాకా ఇస్తారు. అంతకు ముందు 2019లో పెంచినప్పుడు నెలల తరబడి స్కాలర్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. అంకె చూస్తే మరీ తక్కువేం కాదనిపిస్తుంది. చిక్కు తేదీ దగ్గర వస్తుంది. "ఫెలోషిప్ పడిందా?" అన్నది హాస్టళ్లలో "భోంచేశావా" లాంటి పలకరింపు. మూడు నెలలది ఒకేసారి పడితే, ఆ మూడు నెలలూ మెస్ బిల్లు, ఇంటికి పంపాల్సిన డబ్బు, చెల్లెలి ఫీజు ఎవరో ఒకరి దగ్గర అప్పుగా నిలబడతాయి. సీఎస్‌ఐఆర్, యూజీసీ ఫెలోషిప్ మొత్తం అయిదేళ్లు. అయిదేళ్లు నిండగానే డబ్బు ఆగుతుంది, థీసిస్ ఆ తేదీ చూసుకుని పూర్తి కాదు.

ఇది మన దగ్గరే అనుకోనక్కర్లేదు. జర్మనీలో చట్టం ప్రకారం సాధారణంగా డాక్టరేట్‌కి ముందు 6 ఏళ్లు, తర్వాత 6 ఏళ్లు మాత్రమే తాత్కాలిక పరిశోధక కొలువులో ఉండొచ్చు. ఆ నియమం ఎందుకు మంచిదో చెప్పడానికి అక్కడి ప్రభుత్వం హన్నా అనే బొమ్మ పాత్రతో వీడియో చేసింది. కొత్తవాళ్లకి దారి ఇవ్వకుండా ఒకే తరం పేరుకుపోకూడదన్నది అందులోని వాదన. 2021లో వేలమంది పరిశోధకులు "నేనే హన్నా" అంటూ తమ కాంట్రాక్టుల కథలు బయటపెట్టారు. అమెరికాలో ఉన్న తెలుగు పోస్ట్‌డాక్‌కి కౌలుతో పాటు వీసా కూడా ముడిపడి ఉంటుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి కొలువు పోతే మరోటి వెతుక్కోవడానికి 60 రోజులు గడువు.

కౌలు పోతే ఏమవుతుందో చెప్పడానికి డగ్లస్ ప్రాషర్ కథ కంటే సూటైనది లేదు. అమెరికాలోని ఉడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థలో పనిచేస్తూ, జెల్లీఫిష్‌ని ఆకుపచ్చగా వెలిగించే ప్రోటీన్ తాలూకు జన్యువుని విడదీసి, 1992లో ప్రచురించాడు. గ్రాంటు అయిపోయింది, కొత్తది రాలేదు. ప్రయోగశాల మూసుకుంటూ, అడిగిన వాళ్లకి ఆ జన్యువుని ఉదారంగా పంపించాడు. అందుకున్నవాళ్లలో మార్టిన్ చాల్ఫీ, రోజర్ త్సియెన్ ఉన్నారు. ఆ వెలుగు ఇప్పుడు జీవశాస్త్రమంతటా కణాల లోపల దీపంలా పనిచేస్తోంది. 2008లో రసాయన శాస్త్ర నోబెల్ ఒసాము షిమొమురాతో పాటు వాళ్లిద్దరికీ వచ్చింది. ఆ కబురు వచ్చిన రోజున ప్రాషర్ అలబామా రాష్ట్రంలో ఒక కార్ల డీలర్ దగ్గర కస్టమర్లని ఇళ్లకి దింపే వ్యాన్ నడుపుతున్నాడు. ఆ మధ్యకాలంలో తనని కుంగుబాటు పీడించిందని ఆయనే చెప్పాడు. చాల్ఫీ, త్సియెన్ ఆయన్ని స్టాక్‌హోమ్‌కి తమ ఖర్చుతో పిలిపించుకున్నారు. కొన్నేళ్ల తర్వాత త్సియెన్ తన ప్రయోగశాలలో కొలువిచ్చాడు.

మనవాడైన యల్లాప్రగడ సుబ్బారావుదీ ఇలాంటి చేనే. భీమవరంలో పుట్టి, హార్వర్డ్ చేరి, కండరాల్లో శక్తికి మూలమైన ఏటీపీ అణువు మీద తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి పనిచేసినా, అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లాకే ఆయనకి నిలకడైన ప్రయోగశాల దొరికింది.

గైడ్ అనే వాతావరణం

స్వీడన్‌లో పీహెచ్‌డీ విద్యార్థికి జీతం ఉంటుంది, ఉద్యోగ భద్రత చట్టాలు ఉంటాయి. అయినా మందుల చీటీలు పెరిగాయి. డబ్బు ఒక్కటే సర్దితే సరిపోదని దానర్థం.

ఫ్లాండర్స్ అధ్యయనం ఇంకేం తోడయిందో వెతికింది. పని ఇంటిని మింగేయడం, బరువు ఎక్కువై పగ్గం తక్కువ కావడం, గుంపులో నిర్ణయాలు తీసుకునే తీరు, విశ్వవిద్యాలయం బయట కూడా బతుకుందన్న నమ్మకం, అన్నిటితో పాటు గైడ్ నడిపించే పద్ధతి. ఉత్సాహపరిచే గైడ్ దగ్గర ముప్పు తగ్గింది. మన స్కాలర్లకి ఇది కొత్త కబురు కాదు. పొద్దున్నే ల్యాబ్‌కి రాగానే ఒకరినొకరు అడిగేది "సార్ మూడ్ ఎలా ఉంది?" అనే. సంతకం ఆయనది, లీవు ఆయనది, థీసిస్ ఎప్పుడు చాలన్నదీ ఆయనదే.

బ్రిటన్‌కి చెందిన వెల్‌కమ్ ట్రస్ట్ 2020లో 4,000 మందికి పైగా పరిశోధకుల అభిప్రాయాలు బయటపెట్టింది. బెదిరింపుల్నీ వేధింపుల్నీ కళ్లారా చూశామని 61 శాతం మంది, తామే పడ్డామని 43 శాతం మంది చెప్పారు. చేతి కింద మనుషులున్నవాళ్లలో ఎక్కువమంది తమకి ఆ నేర్పు ఉందనుకున్నారు. మనుషుల్ని నడపడంలో శిక్షణ పొందినవాళ్లు మాత్రం సగం మంది కూడా లేరు. మైక్రోస్కోపు ముట్టుకోవడానికి ముందు తర్ఫీదు తప్పనిసరి చేసే సంస్థలు, అయిదేళ్ల పాటు ఒక మనిషి భవిష్యత్తుని చేతిలో పెట్టేటప్పుడు ఏమీ అడగవు.

ఊరి నుంచి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన కుర్రాడికి ఇంకో బరువు తోడవుతుంది. ల్యాబ్ మీటింగ్‌లో ఇంగ్లీషులో ప్రశ్న పడగానే, తెలిసిన జవాబు కూడా గొంతులో ఆగుతుంది. తాను పొరపాటున ఇక్కడికి వచ్చానని, ఎప్పుడో ఒకప్పుడు అందరూ కనిపెట్టేస్తారని భయం. 1978లో అమెరికా మనస్తత్వవేత్తలు పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ ఉన్నత స్థాయి మహిళల్లో ఈ భయాన్ని గుర్తించి ఇంపోస్టర్ అనే పేరు పెట్టారు. అరువు చొక్కా భయం అంటే మనకి సులువుగా అర్థమవుతుంది. బాగా నప్పినా, ఎవరో వచ్చి విప్పి ఇచ్చెయ్యమంటారన్న బెంగ. అసలు చొక్కా నీది కాదని చుట్టూ ఉన్నవాళ్లు రోజూ గుర్తు చేస్తుంటే దాన్ని ఆ కుర్రాడి మనసులోని లోపమనడం అన్యాయం. "నీ ర్యాంకు ఎంత?" అన్న ప్రశ్నలో కులం ఆరా ఉంటుందని క్యాంపస్‌లలో అందరికీ తెలుసు.

ఈ లెక్కల్లోకి ఎక్కనివాళ్లూ ఉన్నారు. జంతుశాలలో ఎలుకలకి రోజూ మేత వేసి, పంజరాలు కడిగి, చివరికి ప్రయోగం ముగిశాక వాటి ప్రాణం తీసే పని కూడా చేసే సహాయకులు. పెంచిన చేతులే పంపాలి. ఈ బాధకి దయ అలసట అని పేరు పెట్టుకోవచ్చు. జపాన్ ప్రయోగశాలల్లో ఏడాదికోసారి అందరూ కలిసి ఆ జంతువులకి నివాళి అర్పించే ఆచారం ఉంది. ప్రొఫెసరూ, పంజరాలు కడిగే మనిషీ ఆ రోజు ఒకే వరుసలో నిలబడతారు.

మందు ఎక్కడ వెయ్యాలి?

కప్పు కారుతున్నప్పుడు ముందు చేసే పని కింద బక్కెట్ పెట్టడం. అది తప్పేమీ కాదు, పెట్టాల్సిందే.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అలాంటి బక్కెట్. 14416 నంబరుకి ఏ వేళ ఫోన్ చేసినా, డబ్బు కట్టకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలనిపించడం లేదన్న తలంపు వచ్చినవాళ్లు, అలాంటి స్నేహితుణ్ని చూస్తున్నవాళ్లు తెల్లారేదాకా ఆగాల్సిన పని లేదు. ఐఐటీ హైదరాబాద్‌లో సన్‌షైన్ పేరుతో కౌన్సెలింగ్ విభాగం ఉంది. 2025 జులైలో, విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలన్నది అందులో ఒకటి.

విద్యార్థులకి అన్న మాట దగ్గరే ప్రాజెక్టు సిబ్బంది జారిపోతారు. వాళ్లు విద్యార్థులు కారు, పర్మనెంటు ఉద్యోగులూ కారు. కౌన్సెలర్ గది ఏ రిజిస్టరులో పేరుంటే తెరుచుకుంటుందన్నది వాళ్లకి తెలియదు. తలుపు తట్టిన సంగతి గైడ్‌కి చేరదన్న భరోసా కూడా కావాలి.

కప్పు వెయ్యడం వేరే పని. అందులో కొంత ఇప్పటికే కాగితం మీదికి వచ్చింది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ స్కాలర్ ఆరు నెలలకోసారి సలహా సంఘం ముందు తన పని చెప్పుకోవాలి. సరిగా నడిపితే అది గైడ్ కాక ఇంకో ఇద్దరు ముగ్గురు పెద్దలు విషయం తెలుసుకునే చోటు. థీసిస్‌కి ముందు పేపర్ అచ్చు కావాల్సిందేనన్న పాత నియమాన్ని ఆ నిబంధనలు ఎత్తేశాయి. తన చేతిలో లేని రివ్యూవర్ల దయ మీద డిగ్రీ వేలాడే స్థితి అంతమేరకు తగ్గింది. మహిళలకి ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఉంది. బ్రిటన్‌లో 2008లో మొదలై 2019లో సవరించిన ఒప్పందం ప్రకారం, సంతకం చేసిన సంస్థలు తమ పరిశోధకులకి ఏటా 10 రోజులు వృత్తి ఎదుగుదల కోసం వదిలిపెట్టాలి. బెంచి నుంచి లేచి, బయట ఇంకేం కొలువులున్నాయో చూసుకోవడానికి గైడ్‌ని బతిమాలనక్కర్లేదు.

ఖర్చు లేని పనులూ ఉన్నాయి. చేరిన నెలలోనే గైడ్, స్కాలర్ కూర్చుని ఒక పేజీ రాసుకోవచ్చు: సెలవులెన్ని, పేపర్ మీద ఎవరి పేరు ముందు, డ్రాఫ్ట్ ఇచ్చాక ఎన్నాళ్లలో తిరిగొస్తుంది, ప్రాజెక్ట్ ముగిసే సంగతి ఎన్ని నెలల ముందు చెబుతారు. వైస్ ఎలుకకి దక్కని కబురు ఇదే. ఎక్స్‌టెన్షన్ రాదని ఆరు నెలల ముందు తెలిస్తే మనిషి ఏడ్చి, తేరుకుని, దరఖాస్తులు పెట్టుకుంటాడు. మార్చి 30 సాయంత్రం తెలిస్తే ఏడవడానికి కూడా టైముండదు.

ఓటమిని దాచుకోకపోవడం కూడా ఖర్చు లేని పనే. 2016లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉన్న యోహానెస్ హౌస్‌హోఫర్ తన వైఫల్యాల జాబితా బయటపెట్టాడు. రాని సీట్లు, దక్కని ఉద్యోగాలు, తిరిగొచ్చిన పేపర్లు, చేజారిన గ్రాంట్లు. ఆ ఆలోచన 2010లో మెలనీ స్టెఫాన్ నేచర్‌లో రాసిన చిన్న వ్యాసం నుంచి వచ్చింది. తన మొత్తం పరిశోధన కంటే ఈ దిక్కుమాలిన జాబితాకే ఎక్కువ పేరొచ్చిందని, దాన్నీ ఆ జాబితా చివర వైఫల్యంగా చేర్చాడాయన.

ఆ జాబితాని ప్రయోగశాలలోకి తెచ్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. సోమవారం ల్యాబ్ మీటింగ్‌లో మొదటి పది నిమిషాలు పనిచెయ్యనివాటికి కేటాయిస్తే చాలు. సీనియర్ ఎవరైనా ముందు తనది చెప్పాలి. అప్పుడు ఆ మూడు వారాల స్కాలర్ నెమ్మదిగా తన ఫ్లాస్కులు పసుపయ్యాయని చెబుతుంది. పక్క కుర్చీలో ఉన్నతను తనవీ అయ్యాయంటాడు. మూలనున్న ప్రాజెక్ట్ అసోసియేట్ పోయిన నెలలోనే తనవి పోయాయని, తన చేతుల వల్లే అనుకుని ఎవరికీ చెప్పలేదని అంటుంది. ముగ్గురివీ కింది అరలోవే. నీళ్ల ట్రే ఆఖరిసారి ఎప్పుడు కడిగారో ఎవరికీ గుర్తు లేదు. బోర్డు మీద వారాల పేర్లు రాసి, వాటి ఎదురుగా ఎవరి వంతు ఎప్పుడో వేస్తారు. మొదటి వంతు గైడ్‌ది.